ముక్కు, మోకాలు, మోచెయ్యి

తివాచీల తాతను ఆఖరిసారి చూసినప్పుడు ఆయన వెల్లకిలా ఉన్నారు. అది నాకు చాలా తప్పుగా అనిపించింది. ఆయన నాకు తెలిసిన రెండేళ్లలో సగానికి పైగా సార్లు ఆయన్ను బోర్లాగానే చూశాను.

కిందటి నెల, ఆయన పోయిన రోజు సంగతి. చోడవరం మెయిన్ రోడ్డు వెనక సందులో, ఆయన పనిచేసిన టెంటు హౌసు ముందే ఆయన్ను పడుకోబెట్టారు. షామియానా వాళ్లదే, కుర్చీలూ వాళ్లవే. కింద ఏం పరచాలన్న దగ్గర గొడవ వచ్చింది. ఓనరు గౌరవంగా ఉంటుందని కొత్త ఎర్ర తివాచీ తీయించాడు. తాత కూతురు ఏడుస్తూనే అడ్డం పడింది.

"కొత్తది ఒద్దు బాబూ. పువ్వులు పడతాయి, నీళ్లు పడతాయి. మరకైతే మా అయ్య ఒప్పుకోడు. సాంబారుది తెండి."

సాంబారుది తెచ్చారు. అక్కడున్న వాళ్లలో సగం మంది తల తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు. నేనూ ఆపుకున్నాను.

సాంబారుది అంటే ఏమిటో చెప్పాలి. టెంటు హౌసులో ఇరవై రెండు తివాచీలుండేవి. ఓనరు వాటి మీద నంబర్లు వేయించాడు. తాత ఆ నంబర్లను ఎప్పుడూ వాడలేదు. ప్రతి తివాచీకీ దానికి జరిగిన ప్రమాదమే పేరు. దేవరాపల్లి పెరుగు. ఐస్‌క్రీంది. పారాణిది. వడ్డాదిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర గంగాళం ఒరిగిపోతే, దాని కింద పడ్డది సాంబారుది. మిగతా అన్నిటినీ ఆయన బాగుచేశారు. సాంబారుది మాత్రం లొంగలేదు. మరక పోయింది, వాసన పోలేదని ఆయన వాదన. ఇంకెవరికీ ఏ వాసనా వచ్చేది కాదు. అయినా ఆయన దాన్ని మళ్లీ ఏ పెళ్లికీ పంపలేదు. గోడౌనులో పరిచి ఉంచి, రోజూ దాని మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి, మూడుసార్లు వాసన పీల్చి లేచేవారు.

"పోయిందా తాతా?" అని దారిన పోయేవాళ్లు అడిగేవారు.

"ఉంది ఇంకా. ముదర సాంబారు."

నాకు ఆయన అవసరం పడింది మా పాప వల్ల. మా ఆవిడ పురిటికి పుట్టింటికి, కె.కోటపాడు వెళ్లింది. ఐదో నెలలో తల్లినీ పిల్లనూ తెచ్చుకోవాలని నా పథకం. దానికి ముందు మా అత్తగారు ఇల్లు చూడటానికి వచ్చారు. మేము అద్దెకుంటున్న మేడమీద వాటా అంతకుముందు ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు. వాళ్లు గోడ నుంచి గోడ దాకా బూడిదరంగు తివాచీ జిగురు పెట్టి అతికించి, ఖాళీ చేసి వెళ్లిపోయారు. దాన్ని పీకితే కింద సిమెంటు కూడా లేచొస్తుందని ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. మా కంపెనీ బస్సు సరిగ్గా ఆ ఇంటి ముందే ఆగుతుంది కాబట్టి నేనూ ఇల్లు మారలేదు.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది నేలేటి బాబూ, కాళ్లు తుడుసుకునే పట్టాలాగుంది. దీని మీద గుంటని ఒగ్గుతారేటి? ముందు నేల సంగతి సూడండి. ఆనకే తల్లీ పిల్లా వస్తారు."

గుంటంటే మా పాపే. మా ఇంట్లో అత్తగారి మాటకు అప్పీలు లేదు. ఆదివారాలు కె.కోటపాడు వెళ్లి, పాపను ఎత్తుకుని, సాయంత్రానికి ఒక్కణ్ణే తిరిగొచ్చేవాణ్ణి. సోమవారం నుంచి శనివారం దాకా నా కూతురు ఫోన్లో నా అరచేతంత ఉండేది. ఒక బుధవారం ఆమె మొదటిసారి బోర్లా పడింది. నేను షిఫ్టులో ఉన్నాను. ఫోనుకు ఒక వీడియో వచ్చింది, మర్నాడు బస్సు మీద బొబ్బట్ల డబ్బా వచ్చింది. మా వైపు పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు, పాకితే పాకుండలు, అడుగేస్తే అరిసెలు. బొబ్బట్లు తింటూ ఒక్కటే అనుకున్నాను. పాకడం మాత్రం నా కళ్ల ముందే జరగాలి. పాకుండలు నాకు బస్సు మీద రాకూడదు.

నేను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. సమస్య వస్తే పట్టిక వేయడం నాకు అలవాటు. తివాచీ మీద పరిచే ఆట చాపల కోసం పదకొండు రకాలకు పద్నాలుగు గడులతో పట్టిక వేశాను. మందం, బరువు, పదార్థం, సర్టిఫికెట్టు, ఉతకొచ్చా, కొన్నవాళ్లు ఏం తిట్టారు, ఇలా. మొదటి స్థానంలో వచ్చింది నురుగు ముక్కల చాప. ఒక ముక్క పళ్లు పక్క ముక్క పళ్లలో ఇమిడి పరుచుకుంటాయి. ఏనుగు, జిరాఫీ, కోతి, మొత్తం పదహారు ముక్కలు.

గచ్చు నేల మీద అది అద్భుతంగా ఉండేదేమో. మా తివాచీ మీద కాలు వేస్తే అడుగున స్ప్రింగులా దిగేది, పళ్లు ఊడేవి. రోజుకు నాలుగుసార్లు కోతిని జిరాఫీకి తగిలించేవాణ్ణి. ఆ చాప మీదే కూర్చుని బొబ్బట్లు తింటూ వీడియో ఏడుసార్లు చూశాను. పూర్ణం ఎక్కడ రాలిందో చూసుకోలేదు.

అత్తగారు రెండోసారి తనిఖీకి వచ్చారు. రంగులు చూసి మెత్తబడ్డారు. "బాగుంది బాబూ" అని కూడా అన్నారు. ఆ మాట పూర్తికాకుండానే వంగి ఏనుగు ముక్క పైకెత్తారు. కింద చీమలు బారులు తీరి పూర్ణం మోసుకుపోతున్నాయి.

"గుంట రాకముందే బంధువులొచ్చీసేరు" అన్నారు అత్తగారు. ఏనుగును యథాస్థానంలో పెట్టి, చెప్పులేసుకుని, కె.కోటపాడు వెళ్లిపోయారు.

ఆ మర్నాడు పదహారు ముక్కలూ సబ్బు నీళ్లతో కడిగి డాబా మీద ఎండలో పెట్టాను. మే నెల. సాయంత్రానికి ఒక్కో ముక్క ఒక్కో కొలతకు ముడుచుకుపోయింది. ఏనుగు ఎవరితోనూ కలవదు. నీడలో ఆరబెట్టాలని అట్టపెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నేను పెట్టె పైభాగం మాత్రమే చదివాను.

కింద తివాచీలో బెల్లం అలాగే ఉండిపోయింది. "టెంటు హౌసులో ఒక ముసలాయనున్నాడు, ఆయన్నడుగు" అన్నాడు ఇంటి ఓనరు.

నేను వెళ్లేసరికి గోడౌనులో అలికిడి లేదు. ఎర్ర తివాచీ మీద ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. చెంప నేలకు ఆనింది, కళ్లు మూసుకున్నాడు, చేతులు రెండు పక్కలకూ చాచి ఉన్నాయి. కంపెనీలో నాకు ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చారు, ధ్రువపత్రం కూడా ఉంది. మొదటి మెట్టు, పరిసరాలు సురక్షితమా చూడాలి. చూశాను. రెండోది, భుజం తట్టి పిలవాలి. "తాతా! తాతా!" అన్నాను. పలకలేదు. మూడోది, వెల్లకిలా తిప్పాలి. తిప్పాను. ఛాతీ మీద రెండు చేతులూ వేసి ఒక్క నొక్కు నొక్కాను.

"ఓలమ్మో! ఎవుడ్రా నువ్వు? నన్ను గారెల పిండిలాగ పిసికెత్తన్నావేటి?"

"పడిపోయారనుకున్నాను తాతా."

"పడిపోనేదు. వోసన సూస్తన్నాను. ఇది సాంబారుది."

మా పరిచయం అలా జరిగింది. పక్కటెముకలు తడుముకుంటూ లేచి కూర్చున్నారు. నేను నా కష్టం చెప్పుకున్నాను. ఆయన డాక్టరులా ప్రశ్నలు వేశారు.

"ఏ తీపి?"

"బొబ్బట్టు."

"సెనగపప్పా, పెసరపప్పా?"

"శనగపప్పు."

"నెయ్యెట్టేరా?"

"దండిగా."

ఆయన నాలుక చప్పరించారు. జబ్బు ముదిరిందనా, బొబ్బట్టు గుర్తొచ్చా అన్నది ఇప్పటికీ తెలియదు.

"సూడు ఇంజినీరు బాబూ. మిగతా ఊళ్లల్లో తివాసీకి సెత్రువు దుమ్ము. మన సోడవరంలో బెల్లం. దుమ్ము దులిపితే పోద్ది. బెల్లం కాపరం పెడతాది."

ఆ సాయంత్రమే వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, వాటిని గుడ్డసంచిలో వేసుకుని, సంచి చంకలో పెట్టుకున్నారు. ఎందుకని అడిగితే, పెళ్లిళ్లలో ఎన్ని జతలు పోగొట్టుకున్నారో చెప్పారు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి పిండి, బెల్లం మీద అద్దారు. నేను పక్కన కూర్చుని రుద్దబోయాను. చేతి మీద ఒక్కటిచ్చారు.

"రుద్దితే లోనకెల్లిపోద్ది. అద్దు. బిడ్డ మూతి తుడిసినట్టు అద్దు."

తడి ఆరాక కొబ్బరి ఈనెల చీపురుతో ఒకే వైపుకు ఊడ్చారు. ఆ తర్వాత బోర్లా పడుకున్నారు.

"నువ్వూ తొంగో."

తొంగున్నాను. చెంప తివాచీకి ఆనించాను. పాత ఏసీ గదుల వాసన, ఎవరో ఎప్పుడో వాడిన ఫినాయిలు. మంచం కింద నా పోయిన పెన్ను మూత కనిపించింది.

"ఇప్పుడు సెప్పు. గుంట ముక్కెక్కడుంటాది?"

"ఇక్కడే."

"మరి నువ్వు ఆ సాప ఎలగ సూసి కొన్నావు?"

"నిలబడి."

"అదే నీ తప్పు. నిలబడి కొన్నావు."

పద్నాలుగు గడుల పట్టిక అక్కడితో సరి. ఆయన పద్ధతిలో మూడే గడులు. ముందు ముక్కు, ఆనక మోకాలు, ఆకర్ని మోచెయ్యి.

ఆ పద్ధతిలో కొత్త చాప ఎంచడానికి ఆయన్ను విశాఖపట్నం తీసుకెళ్లాను. పెద్ద దుకాణం, నాలుగు అంతస్తులు, పిల్లల సామాను మూడో అంతస్తులో. మా తివాచీ తాలూకు మిగులు ముక్కను ఇంటి ఓనరు అటక మీద నుంచి దింపించి, తాత చుట్టచుట్టి భుజాన వేసుకున్నారు. సెక్యూరిటీ అతను అదేమిటని అడిగితే "మా ఇంటి నేల" అని లోపలికి నడిచారు.

చాపల దగ్గర మా నేలను పరిచి, దాని మీద ఒక చాప వేయించి, వెంటనే దాని మీద బోర్లా పడిపోయారు.

"సార్! మీ తాతగారికి ఒంట్లో బాగోలేదా?" అని సేల్స్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"నాకు బాగానే ఉంది. ఈ సాపకే బాగోలేదు, కిరసనాయిలు కొడతంది. ఆ పచ్చది పరు బాబూ" అని నేల మీద నుంచి జవాబు వచ్చింది.

పచ్చది ముక్కు దగ్గర నెగ్గి, మోకాలి దగ్గర ఓడిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని పది అంకెలు లెక్కపెట్టి లేస్తే, రెండు గుంటలు అలాగే ఉండిపోయాయి. చాలా మెత్తన, దిండులా ఉందని మెచ్చుకున్నాడు కుర్రాడు.

"దిండు మీద నువ్వు పాకుతావేటి? ఉత్త గచ్చయితే ఇది సరిపోద్ది. వీళ్లది తివాసీ. మెత్తటి దాని మీద మెత్తటిదేస్తే గుంట పాకదు, ఈదుతాది."

మరో రకం మోచేతి పరీక్షలో పోయింది. మోచెయ్యి ఆనించి ఒక లాగు లాగితే చాపే తివాచీ మీద జానెడు జారింది. ఈలోగా చుట్టూ జనం. బిడ్డను చంకనేసుకున్న ఒకావిడ "ఏమంటున్నారండీ పెద్దాయన?" అని నన్నడిగింది. నేను మూడు గడులూ వివరించాను. ఆవిడ భర్తను చూసింది. ఆ భర్త ఇస్త్రీ చొక్కాతో వెళ్లి తాత పక్కన పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో మూడో అంతస్తు నేల మీద నలుగురు తండ్రులు బోర్లా ఉన్నారు. తాత వాళ్ల మధ్య పాకుతూ "మోకాలు సూడు, ముందే మోచేతికి పోకు" అని దిద్దుతున్నారు. సేల్స్ కుర్రాడు మొదట మేనేజరును పిలుద్దామనుకున్నాడు. తర్వాత, ఎవరూ చూడటం లేదనుకుని, తనూ ఒక చాపకు చెంప ఆనించాడు.

నెగ్గినది అతుకుల్లేని ఒకే ముక్క, గట్టిది, బరువైనది, అడుగు గరుకు. బొమ్మల్లేవు. నా పట్టికలో దానిది తొమ్మిదో స్థానం.

మూడో తనిఖీకి అత్తగారు వచ్చిన రోజు తాతను కూడా పిలిచాను. అత్తగారు చాప చుట్టూ ఒకసారి నడిచారు, అంచు ఎత్తి కింద చీమల కోసం చూశారు, పెదవి విరిచారు.

"బొమ్మా లేదు, బొట్టూ లేదు. బాగుందని ఎలగ సెప్పమంటారు?"

"నాను సెప్పకూడదమ్మా, మీరూ సెప్పకూడదు. మోకాళ్లు సెప్పాల" అన్నారు తాత.

"నా మోకాళ్లు ఏటీ సెప్పవు, ఏడుస్తాయి."

"ఏడవకపోతే సాప మంచిదన్నట్టే కదా."

అత్తగారు చెంగు దోపుకుని, "బాబూ, ఫోను జేబులోంచి తీసేరంటే మీ ఇంటి గుమ్మం తొక్కను" అని నన్ను హెచ్చరించి, చేతులూ మోకాళ్లూ ఆనించి పాకడం మొదలెట్టారు. నిదానంగా, కె.కోటపాడులో ఆవిడకున్న పరపతి ఏమాత్రం తగ్గకుండా పాకారు. అటు చివర దాకా వెళ్లి ఆగారు. అటూ ఇటూ చూసి, మెల్లగా వంగి చెంప ఆనించారు.

"శుక్రవారం మంచిదేటో సూసి తీసుకొస్తాం" అన్నారు పడుకునే.

వెళ్తూ వెళ్తూ తాత గుమ్మంలో నిలబడి నాకు జాగ్రత్తలు అప్పజెప్పారు. పొద్దుటేళ చాప ఎత్తాలి, కింద తివాచీకి ఊపిరాడాలి. పాలు ఒలికితే అప్పుడే తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. మడత పెట్టకూడదు, చుట్టాలి. ఆరబెట్టేది నీడలోనే. ఫినాయిలు ఇంట్లోకే రాకూడదు. నేను ఇదంతా చక్కగా టైపు చేసి, అచ్చు తీసి, మర్నాడు చూపించాను. ఆయన కాగితం అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మూడుసార్లు పీల్చి, బాగుందన్నారు.

"మీకేమివ్వాలి తాతా?"

"గుంట పాకితే పాకుండలెట్టు. తివాసీ మీద కాదు, ఈధిలో."

పాప వచ్చింది. చాప మీద కూర్చుంది, దొర్లింది, బొంగరంలా తిరిగింది. ఏడో నెల అయింది, ఎనిమిదో నెల కూడా సగమైంది. పాకలేదు. ముందుకు రావాలని చేతులు తోస్తే వెనక్కి పోయేది, పోయి గోడకు తగిలి మమ్మల్ని తిట్టేది. ఆమె ముందు గిలకలు పెట్టాను, నా కంపెనీ గుర్తింపు కార్డు కూడా పెట్టాను. అత్తగారు రోజూ ఫోను చేసేవారు. నేను షిఫ్టులో ఉండగా పాకేస్తుందేమోనన్న భయంతో బస్సు దిగగానే మెట్లు రెండేసి ఎక్కేవాణ్ణి. "పాకిందా?" అన్నదే ఇంట్లో అడుగుపెడుతూ నా మొదటి మాట. "లేదు, మీ కోసమే ఆగింది" అనేది మా ఆవిడ.

ఒక ఆదివారం పాపను తాతకు చూపిద్దామని టెంటు హౌసుకు తీసుకెళ్లాం. ఆయన సాంబారుదాని మీద మామూలు పనిలో ఉన్నారు. మా ఆవిడ పాపను ఆ చివర కూర్చోబెట్టింది. తాత లేవలేదు. చెంప ఆనించినవారు ఆనించినట్టే ఒక కన్ను తెరిచి పాపను చూశారు. ఆమె తలను పక్కకు వంచి, ఆ కన్నును చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకు పెద్దవాళ్లంటే పైనుంచి వంగే మొహాలు. తన ఎత్తులో ఒక పెద్ద మొహం, అందులో తెల్లటి గుబురు మీసం.

ముందుకు ఒరిగింది. కుడి చెయ్యి వేసింది.

"కదలకండి" అన్నారు తాత, పెదవులు కదపకుండా. "ఒస్తంది."

ఎడమ మోకాలు. ఎడమ చెయ్యి. కుడి మోకాలు. వెనక్కి కాదు, ముందుకే. ఆగింది, ఊగింది, మళ్లీ కుడి చెయ్యి. ఐదు అంగలు. లెక్కపెట్టాను. ఫోను జేబులోనే ఉండిపోయింది. కాబట్టి క్వాలిటీ విభాగం మనిషిగా చెప్పాలంటే నా దగ్గర ఆధారం లేదు. కానీ నేను ఉన్నాను. చూశాను. మూడు పరీక్షలూ నెగ్గిన చాపను ఇంట్లో వదిలేసి, నా కూతురు పెళ్లి సాంబారు పడ్డ తివాచీ మీద పాకి, రెండు చేతులతో తాత మీసం పట్టుకుంది.

"ఓలమ్మో! పాకుండలు!" అని ఆయన అరిచిన అరుపుకు రోడ్డు మీద ఆటోలు ఆగాయి. కబురు విని ఆ సాయంత్రమే మా అత్తగారు కె.కోటపాడు నుంచి వచ్చి పాకం పట్టారు. వీధిలో నిలబడే తిన్నాం.

మా ఇంట్లో ఆ రోజు కథ చెప్పుకోని వారం లేదు. పాపకు రెండేళ్లు దాటాయి, ఆమెకూ అది కంఠతా వచ్చు.

అందుకే పోయిన నెల ఆమెను ఎత్తుకుని ఆ షామియానా కిందికి వెళ్లినప్పుడు, తాత వెల్లకిలా ఉండటం ఆమెకూ నచ్చలేదు. నా చేతుల్లోంచి జారి దిగింది. ఎవరూ ఆపేలోగా ఆయన పక్కన బోర్లా పడుకుని, చెంప తివాచీకి ఆనించి, ఒక్కసారి, రెండుసార్లు, మూడుసార్లు పీల్చింది.

"సాంబారు" అంది గట్టిగా.

తాత కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి, అది ఏడుపు కాదని కాసేపటికి గాని తెలియలేదు.

"ఉందేటమ్మా ఇంకా?" అని అడిగింది.

పాప తలూపింది. అందరూ నా వైపు చూశారు, నేను పిల్లను లేపుతాననుకుని. నేను చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాను. పాపకు ఇవతల బోర్లా పడుకుని, చెంప ఆనించి, కళ్లు మూసుకున్నాను.

ఉంది.